ఇంటి కరెంటు తీగలపై పోవు సంకేతములు: తప్పిపోవుటకు కారణములు, సరిచేయు విధము

ఇంటిలోని దీపములను, పంకాలను, నీళ్ళతొట్టి మోటారును కూర్చున్న చోటినుండియే నడుపుటకును, ఆపుటకును తగిన సాధనములు ఇప్పుడు పల్లెలకును వచ్చినవి. వీనిలో పెక్కు గాలిలో రేడియో తరంగములద్వారా పనిచేయును. పట్టణములోని చిన్న ఇంటిలో ఇవి చక్కగానే పనిచేయును గాని, రాతిగోడలు, మట్టిగోడలు, ఇనుపరేకుల పాకలు ఉన్న రైతు ఇంట ఆ తరంగములు పెరటి గుమ్మము దాటుట కష్టము. అట్టిచోట కొత్తగా తీగ లాగనక్కరలేకుండ, ఉన్న కరెంటు తీగపైననే సంకేతము పంపు పద్ధతి ఒకటి కలదు. తీగ పశువుల కొట్టమువరకు ఎటులను పోయియే ఉన్నది గదా!

ఈ పద్ధతి వాడినవారు చెప్పు ఫిర్యాదులు ఇంచుమించు ఒకే తీరున ఉండును. పగలు పనిచేసినది రాత్రి పనిచేయదు. వసారాలో వెలుగును, కొట్టములో వెలుగదు. నిన్నటివరకు బాగుండి, కొత్త టీవీ కొన్న మరునాటినుండి మొరాయించును. ఇట్టి సందర్భములలో పరికరము చెడినదని తలచి దానిని మార్చుట సామాన్యముగా జరుగుచున్నది. కాని లోపము పెక్కుసార్లు పరికరములో ఉండదు. తీగలలోనో, తీగలకు తగిలించిన ఇతర వస్తువులలోనో ఉండును. దానిని కనుగొని సవరించు విధమును ఈ వ్యాసమున వివరింతుము. మోటారు విషయమున ప్రాణాపాయమునకు సంబంధించిన సంగతి ఒకటి కలదు. దానిని ప్రత్యేకముగా చదువ గోరుచున్నాము.

సంకేతము తీగపై ఎట్లు పోవును?

తీగలపై సంకేతములు పంపుట కొత్త సంగతి కాదు. 132 లేక 220 కిలోవోల్టుల సబ్‌స్టేషను ప్రక్కనుండి పోవునపుడు తీగలు లోనికి వచ్చుచోట పీపావంటి పెద్ద తీగచుట్ట ఒకటి వ్రేలాడుటయో, పింగాణీ స్తంభముపై నిలబడి ఉండుటయో మీరు చూచియుందురు. దానిని వేవ్ ట్రాప్ అందురు. ఒక సబ్‌స్టేషనునుండి మరియొక దానికి మాటలను, రక్షణ సంకేతములను ఆ పెద్ద తీగలపైననే పంపుదురు. ఆ సంకేతము సబ్‌స్టేషను యంత్రములలోనికి పోయి వృథా కాకుండ ఆ చుట్ట అడ్డగించును. ఇటీవల చాలచోట్ల గాజుపోగు కేబులు ఈ పనికి వచ్చినది గాని, పాత చుట్టలు ఇంకను కనబడుచునే యున్నవి. మన ఇంటిలో చేయవలసిన మరమ్మతులన్నియు ఆ చుట్టకు, దాని ప్రక్కనుండు కెపాసిటరుకు చిన్న రూపములే.

ఇంటికి తగినట్లు ఈ పద్ధతిని 1975లో స్కాట్లండు దేశములోని గ్లెన్‌రోతెస్ పట్టణమునందు పికో ఎలక్ట్రానిక్స్ అను సంస్థ రూపొందించినది. అది ఆ సంస్థకు పదియవ ప్రయత్నము గనుక ఎక్స్-10 అని పేరు వచ్చినది. 1978లో అమెరికా దుకాణములలో అమ్మకమునకు వచ్చి, అక్కడి ఇండ్లలో విస్తారముగా వ్యాపించినది. తరువాత ఇంతకంటె మెరుగైన పద్ధతులు వచ్చినవి. అయినను తీగలపై సంకేతము ఎట్లు పోవునో, ఎట్లు చెడునో తెలిసికొనుటకు ఇదియే సులభమైన ఉదాహరణము.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగును. ఒక్కొక్క ఊపులో రెండుసార్లు, అనగా సెకనుకు 100 సార్లు, వోల్టేజి సున్నకు వచ్చును. ఆ క్షణమున తీగపై రొద తక్కువగా ఉండును. పంపుపెట్టె ఆ సమయము కనిపెట్టి, సెకనుకు 1,20,000 సార్లు ఊగు సన్నని సంకేతమును సెకనులో వేయవవంతు కాలము మాత్రము తీగపై విడుచును. సంకేతము ఉన్న ఒక అర్థము, లేకున్న మరియొక అర్థము. ఇట్టి ముక్కలు కూర్చి “ఫలాని దీపము” అని ఒక మాట, “వెలుగుము” అని మరియొక మాట చెప్పును. మొత్తము పూర్తియగుటకు మన 50 ఊపుల కరెంటుపై ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆ సెకనులో ముక్కలు చెడిన ఆజ్ఞ పనికిరాకుండ పోవచ్చును.

పంపుచోట ఈ సంకేతము సుమారు 5 వోల్టులు ఉండును. అందుకొనుపెట్టెకు వోల్టులో పదవవంతు చేరినను చాలును. అనగా దారిలో ఏబది వంతులలో నలుబది తొమ్మిది పోయినను పని జరుగునన్నమాట. ఇంత వెసులుబాటు ఉన్నను సంకేతము అందలేదనిన ఎక్కడనో పెద్ద గండి పడినట్లే. కాలువ నీరు చివరి చేనికి అందనపుడు తూము దగ్గర ఎక్కువ నీరు విడుచుటకు ముందు గండి వెదకుదుము. ఇక్కడను అదే మార్గము.

ఫేజుల చిక్కు

ఇంటికి ఒక్క ఫేజు మాత్రము ఉన్నవారు ఈ భాగము విడిచి తరువాతి దానికి పోవచ్చును.

మూడు ఫేజుల సర్వీసు ఉన్న ఇంటిలో వైర్‌మాన్ బరువు సమముగా ఉండుటకై గదులను మూడు ఫేజులకు పంచును. అది మంచి పద్ధతియే. కాని వసారా ఒక ఫేజుపై, కొట్టము వేరొక ఫేజుపై ఉన్నపుడు, వసారాలో విడిచిన సంకేతము కొట్టమునకు పోవుటకు ఇంటిలో దారి లేదు. అది సర్వీసు తీగవెంట వీధిలోని ట్రాన్స్‌ఫార్మరువరకు పోయి, అక్కడి చుట్టలద్వారా రెండవ ఫేజునకు మారి, మరల ఇంటికి రావలెను. ఇంత ప్రయాణములో మిగులునది అత్యల్పము.

అమెరికాలో ఇండ్లకు మూడు ఫేజులు ఉండవు. 120 వోల్టుల పాయలు రెండు ఉండును. అక్కడివారికి ఒక వింత అనుభవము కలదు. వంటింటి విద్యుత్ పొయ్యి వేసినపుడు మాత్రమే మేడపై దీపము సంకేతమును అందుకొనును. పొయ్యి ఆర్పిన మరల మొరాయించును. ఆ పొయ్యి రెండు పాయల మధ్య తగిలింపబడి 240 వోల్టులపై నడచును గనుక, అది వెలుగుచున్నంతసేపు సంకేతమునకు వంతెనగా పనిచేయునన్నమాట. మన దేశమునను ఏదో ఒక పెద్ద వస్తువు వేసినపుడు మాత్రమే సంకేతము చక్కగా అందుచున్నదన్న, ఫేజుల చిక్కు ఉన్నదేమో చూడవలెను.

నివారణకు రెండు మార్గములు గలవు. మొదటిది, నా అభిప్రాయమున మేలైనది, పంపుపెట్టెను, అందుకొనుపెట్టెలను ఒకే ఫేజుపైకి తెచ్చుట. డిస్ట్రిబ్యూషను బోర్డులో ఒకటి రెండు తీగలు మార్చిన సరిపోవును. తెలిసిన వైర్‌మానుకు ఇది కొద్దిసేపటి పని. ఖర్చు ఉండదు. ఫేజుల బరువు మరీ ఒరిగిపోకుండ మాత్రము చూచుకొనవలెను.

రెండవది, ఫేజుల మధ్య కప్లరు అను చిన్న కెపాసిటరు పెట్టించుట. కెపాసిటరు జల్లెడ వంటిది. 0.1 మైక్రోఫారడు కెపాసిటరు మన 50 ఊపుల కరెంటుకు సుమారు 32,000 ఓముల అడ్డు చూపును. 1,20,000 ఊపుల సంకేతమునకు 13 ఓములు మాత్రమే చూపును. అనగా కరెంటును ఆపి సంకేతమును పోనిచ్చును. అయినను మన ఫేజుల మధ్య 400 వోల్టులకు మించి ఉండును. అమెరికా కప్లరు 240 వోల్టులకు చేసినది. దానిని ఇక్కడ తగిలించిన ప్రేలవచ్చును. మన వోల్టేజికి తగినదని దానిపై ముద్రించి ఉన్న కప్లరును మాత్రమే, ఫ్యూజుతోనో మూడు ఫేజుల బ్రేకరుతోనో, లైసెన్సుగల వైర్‌మాను చేత పెట్టింపవలెను. ఇంటి యజమాని స్వయముగా చేయదగిన పని కాదు.

ఇక్కడనే మరియొక హెచ్చరిక. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చునపుడు ఇట్టి పెట్టెలు తెచ్చి ఇచ్చుట కలదు. అవి 120 వోల్టులకు, 60 ఊపులకు చేసినవి. మన ప్లగ్గులో పెట్టినంతనే కాలిపోవును. వోల్టేజి తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో పెట్టిన పెట్టె బ్రతుకునేమో గాని, ఆ ట్రాన్స్‌ఫార్మరే సంకేతమును చాలవరకు ఆపివేయును. ప్రేమతో తెచ్చిన వస్తువైనను అటక మీద ఉంచుటయే క్షేమము.

సంకేతమును త్రాగివేయు వస్తువులు

పైన చెప్పిన జల్లెడ గుణమే మరియొక చోట మనకు శత్రువగును. ఫేజుకును న్యూట్రలుకును మధ్య ఎక్కడైన కెపాసిటరు తగిలించి యున్న, సంకేతము అందుకొనుపెట్టెకు పోక ఆ సులువైన దారిన న్యూట్రలులోనికి జారిపోవును. టీవీలు, కంప్యూటర్లు, ఇన్వర్టర్లు, కొన్ని ఎల్.ఇ.డి. దీపములు మొదలగువాని మొగదలనే ఇట్టి కెపాసిటర్లు ఉండును. అవి తమ రొద బయటికి పోకుండ పెట్టినవి. వాటిని తప్పు పట్టరాదు. పిడుగునుండియు, అధిక వోల్టేజినుండియు రక్షించునని అమ్ము ఎక్స్‌టెన్షను పెట్టెలలో కొన్నింట కూడ ఇవి ఉండును. కావున పంపుపెట్టెను గాని, అందుకొనుపెట్టెను గాని అట్టి ఎక్స్‌టెన్షను పెట్టెలో ఎన్నడును పెట్టరాదు. గోడలోని ప్లగ్గులోనే పెట్టవలెను. ఈ ఒక్క మార్పుతోనే చాల ఇండ్లలో ఫిర్యాదు తీరును.

పంకా కెపాసిటరు ఈ విషయమున నిర్దోషి. అది పంకాలోని రెండవ చుట్టతో వరుసగా కలుపబడి ఉండును. ఆ చుట్టయే సంకేతమును అడ్డగించును. ఒక ఫేజుపై నడచు చిన్న మోటారు స్టార్టరులోని కెపాసిటరు కూడ సామాన్యముగా ఇట్టిదే.

త్రాగివేయు వస్తువు ఏదో తెలిసిన పిమ్మట దానిని పారవేయనక్కరలేదు. దానికిని గోడ ప్లగ్గుకును మధ్య ఫిల్టరు అను పెట్టె ఉంచిన చాలును. ఫిల్టరులో తీగచుట్ట, అనగా చోకు, ఉండి కరెంటును పోనిచ్చి సంకేతమును ఆపును. సబ్‌స్టేషనులోని పీపాకు ఇది మనుమడు. వస్తువు తీసికొను ఆంపియరులకు తగిన ఫిల్టరు కొనవలెను. ఫ్రిజ్జుకు టీవీ ఫిల్టరు పెట్టిన వేడెక్కి కాలును.

ఇన్వర్టరు విషయము వేరుగా చెప్పవలసియున్నది. కరెంటు ఉన్నంతసేపు అది తన వైపు తీగలను నేరుగా కలిపియే ఉంచును. కరెంటు పోయిన వెంటనే ఆ తీగలను విడదీసి తన బ్యాటరీపై నడుపును. అప్పుడు పంపుపెట్టె ఇన్వర్టరు వైపును, అందుకొనుపెట్టె మామూలు వైపును ఉన్న, రెంటికి సంబంధము తెగిపోవును. పైగా చౌకరకపు ఇన్వర్టర్లు ఇచ్చు కరెంటు నున్నగా ఊగక మెట్లుమెట్లుగా ఉండును. సున్న వచ్చు క్షణమును కనిపెట్టి పనిచేయు పెట్టెలు దానిపై తడబడును. కరెంటు లేనపుడు కూడ పనిచేయవలసిన దీపములకు ఈ పద్ధతిపై ఆధారపడరాదు.

మోటారు: ఆపుమనిన ఆగనిచోట

తోటలోనే ఇల్లు, పాడిపశువుల కొట్టము, నీటి మోటారు ఒకే మూడు ఫేజుల సర్వీసుపై ఉన్న రైతులు మోటారును కూడ ఇట్టి సంకేతముతో నడుప గోరుట సహజము. వారు ఈ క్రింది సంగతి తప్పక గమనింపవలెను.

మూడు ఫేజుల మోటార్లకు పవరు ఫ్యాక్టరు మెరుగగుటకై కెపాసిటర్లు పెట్టవలెనని విద్యుత్ పంపిణీ సంస్థలు చెప్పుచునే యున్నవి. 5 హెచ్.పి. మోటారుకు సామాన్యముగా 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు పెట్టుదురు. దానిలో ప్రతి రెండు ఫేజుల మధ్య ఇంచుమించు 12 మైక్రోఫారడులు ఉండును. లెక్క చూచిన, మన 50 ఊపుల కరెంటుకు అది 260 ఓములకు పైగా అడ్డు చూపును. 1,20,000 ఊపుల సంకేతమునకు చూపునది ఓములో పదవవంతు మాత్రమే. ఫేజుల మధ్య ఇనుపకడ్డీ అడ్డముగా పెట్టినదానికిని దీనికిని సంకేతము దృష్టిలో భేదము లేదు.

ఆ కెపాసిటరు చాలచోట్ల స్టార్టరుకు మోటారు వైపున కలుపబడి ఉండును. మోటారు ఆగి యున్నపుడు కెపాసిటరు తీగలకు తగిలి ఉండదు. అప్పుడు ఇంటినుండి “నడువుము” అను సంకేతము చక్కగా చేరును, మోటారు తిరుగును. తిరిగిన క్షణముననే కెపాసిటరు తీగలకు తగులును. ఆ తరువాత “ఆగుము” అను సంకేతమును ఎన్నిమార్లు పంపినను అది కెపాసిటరులోనికి జారిపోవును. నడిపించుటకు పనికివచ్చి ఆపుటకు పనికిరాని ఏర్పాటు ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు. బావిలో మనిషి ఉన్నపుడు, పైపు జోడింపు ఊడినపుడు, పిల్లవాడు తడిచేతితో తొట్టి దగ్గర ఉన్నపుడు ఆజ్ఞ అందకపోయిన నష్టము పూడ్చరానిది. సంకేతము పంపినవానికి అది అందినదో లేదో తెలియుటకు సామాన్య ఎక్స్-10 పెట్టెలలో మార్గము కూడ లేదు. అవి తిరిగి జవాబు చెప్పవు.

కెపాసిటరును తీసివేయుట నివారణ కాదు. దానివలన తీగలో ప్రవహించు కరెంటు తగ్గి, ట్రాన్స్‌ఫార్మరుకును, తోటి రైతుల మోటార్లకును మేలు కలుగుచున్నది. కావున దానిని ఉంచియే ఉపాయము చూడవలెను.

అందుకొనుపెట్టెను స్టార్టరు ప్రక్కనే పెట్టక, ఇంటి బోర్డు దగ్గర పెట్టి, అచ్చటినుండి స్టార్టరు కాయిలుకు వేరుగా కంట్రోలు తీగ లాగింపవలెను. పొడవైన కేబులు తానే చోకువలె పనిచేయును. బోర్డునుండి కెపాసిటరువరకు 50 మీటర్ల కేబులు ఉన్న, అది సంకేతమునకు సుమారు 20 ఓముల అడ్డు చూపును గనుక, బోర్డు దగ్గర సంకేతము కొంత నిలుచును. దీనికి తోడు స్టార్టరులో కాలము ముగిసినంతనే ఆపు టైమరు ఒకటి ఉండవలెను. ఆపు సంకేతము రాకున్నను మోటారు తనంతట తాను ఆగును. తొట్టి నిండినపుడు ఆపు ఫ్లోటు స్విచ్చి, బోరులో నీరు తగ్గినపుడు ఆపు సాధనము, ఓవర్‌లోడు రిలే, ఒక ఫేజు పోయినపుడు ఆపు ప్రివెంటరు, చేతితో నొక్కు ఎర్రమీట, వీనిలో ఏ ఒక్కటియు సంకేతముపై ఆధారపడక నేరుగా తీగతో స్టార్టరుకు కలిసియుండవలెను. మోటారుపై మరమ్మతు చేయునపుడు మెయిను స్విచ్చి తీసి, ఫ్యూజులు జేబులో వేసికొనియే దిగవలెను. ఇంటిలో ఎవరో మీట నొక్కరని నమ్మరాదు.

దీపములకు చేసిన పెట్టెతో మోటారును నేరుగా నడుపరాదు. మోటారు బయలుదేరునపుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు తీసికొనును. పెట్టెలోని చిన్న కాంటాక్టులు అతుకుకొనిపోవును. అతుకుకొనిపోయిన తరువాత ఏ సంకేతమును దానిని ఆపలేదు.

పొలములోని మోటారు సంగతి అడుగువారు కలరు. చాల గ్రామములలో ఇండ్లకు ఒక ట్రాన్స్‌ఫార్మరు, సేద్యపు సర్వీసులకు వేరు ట్రాన్స్‌ఫార్మరు ఉండును. ఒక ట్రాన్స్‌ఫార్మరు దాటి ఇంకొక దాని క్రిందికి ఈ సంకేతము పోవునని ఆశింపరాదు. అట్టివారికి మొబైలు ఫోనుతో పనిచేయు స్టార్టరులే తగినవి. అవి గాలిలో పోవు సంకేతములు గనుక కెపాసిటరుతో నిమిత్తము లేదు.

కోళ్ళ పాకలలో

గ్రుడ్లు పెట్టు కోళ్ళకు రోజునకు 16 గంటలవరకు వెలుతురు ఇచ్చుట అలవాటు. గ్రుడ్లు పెట్టు కాలమున వెలుతురు గంటలు తగ్గరాదు. తెల్లవారుజామున వెలుగవలసిన దీపములు సంకేతము అందక వెలుగకున్న, నష్టము కొలది రోజులలో గ్రుడ్ల బుట్టలోనే కనబడును. కావున పాకలోనే ఒక గడియారపు స్విచ్చి పెట్టి దానిచే దీపములు వెలిగింపవలెను. ఇంటినుండి పోవు సంకేతమును అదనపు సౌకర్యముగా మాత్రము వాడుకొనవలెను. పిల్లల బ్రూడరులో మొదటి వారము సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉండవలెను. దానిని థర్మోస్టాటుకు విడువవలెనే గాని తీగపై వచ్చు ఆజ్ఞకు విడువరాదు.

రొద

త్రాగివేయు వస్తువులు సంకేతమును తగ్గించును. రొద చేయు వస్తువులు సంకేతమును ముంచివేయును. చౌకరకపు ఫోను ఛార్జర్లు, కొన్ని ఎల్.ఇ.డి. దీపములు, దీపము వెలుతురు తగ్గించు రెగ్యులేటర్లు, మోటారు వేగము మార్చు డ్రైవులు ఈ కోవలోనివి. వదులైన తీగ జోడింపులు కూడ రొద చేయును. అల్యూమినియము తీగను రాగి తీగకు చేతితో మెలిపెట్టి కలిపిన చోట్లు, త్రుప్పు పట్టిన న్యూట్రలు లింకు ముఖ్యముగా చూడదగినవి. వీటిని సరిచేయుట సంకేతము కొరకే కాదు. న్యూట్రలు ఊడిన ఇంటిలో వస్తువులు కాలవచ్చును.

రొదను పట్టుటకు చౌకయైన సాధనము పాత ట్రాన్సిస్టరు రేడియో. మీడియము వేవులో ఏ స్టేషనును లేనిచోట ముల్లు నిలిపి, స్వరము పెంచి, గోడలవెంట, ప్లగ్గులవెంట తిప్పవలెను. ఏ వస్తువు దగ్గర గరగర ఎక్కువగునో, దానిని ఆర్పిన ఏది తగ్గునో చూడవలెను. ఇది తూచినట్లు కచ్చితమైన పరీక్ష కాదు గాని, దొంగ ఏ వీధిలో ఉన్నాడో చెప్పును.

లోపము వెదకు క్రమము

పొలములో ఎరువు పరీక్ష చేయునపుడు ఒక మడిని ఏమియు వేయక విడుతుము. మిగిలిన మడులలో ఒక్కొక్కదానిలో ఒక్కొక్క మార్పు మాత్రమే చేయుదుము. విత్తనము, ఎరువు, నీరు ఒకేసారి మార్చిన దేనివలన పంట పెరిగినదో తెలియదు. ఇంటి తీగల పరీక్షయు అట్లే. ఫిల్టరు, కప్లరు, కొత్త పెట్టె ఒకే రోజున పెట్టించినవారికి ఖర్చు తెలియును గాని కారణము తెలియదు.

మొదట ఒక చిన్న దీపమును అందుకొనుపెట్టెకు తగిలించి, పంపుపెట్టె ఉన్న గదిలోనే ప్రక్క ప్లగ్గులో పెట్టి పది మార్లు ఆజ్ఞ ఇవ్వవలెను. పదికి పది పనిచేసిన పెట్టెలు రెండును మంచివే. అక్కడనే తప్పిన పెట్టెనో, కోడునో అనుమానింపవచ్చును. తరువాత దీపమును గది గదికి, కొట్టమునకు తీసికొనిపోయి ప్రతిచోట పది మార్లు పరీక్షించి, ఎన్ని పనిచేసినవో పుస్తకములో వ్రాయవలెను. ఆ ప్లగ్గు ఏ ఫేజుపై ఉన్నదో కూడ ప్రక్కన వ్రాయవలెను. ఫలితములు ఫేజును బట్టి విడిపోయిన చిక్కు ఫేజులలో ఉన్నది. ఒక ఫేజుపైననే దూరము పోయినకొలది తగ్గిన, త్రాగివేయు వస్తువో పొడవైన తీగయో కారణము. ఒకసారి అంది ఒకసారి అందక, వేళను బట్టి మారుచున్న రొదను అనుమానింపవలెను.

ఈ పరీక్ష మధ్యాహ్నము ఒకసారియు, రాత్రి ఏడు తొమ్మిది గంటల మధ్య ఒకసారియు చేయవలెను. రాత్రి దీపములు, టీవీలు మనయింట మాత్రమే కాక పొరుగిండ్లలోను వెలుగుచుండును. వాని ప్రభావము మన తీగలపై కూడ ఉండును.

త్రాగివేయు వస్తువును పట్టుటకు, సంకేతము సరిగా అందని ప్లగ్గులో దీపము ఉంచి, ఇంటిలోని ఒక్కొక్క వస్తువు ప్లగ్గును ఊడదీయుచు మరల మరల ఆజ్ఞ ఇవ్వవలెను. స్విచ్చి ఆర్పిన చాలదు, ప్లగ్గు ఊడదీయవలెను. ఏది ఊడదీసిన దీపము చక్కగా పలికెనో దానికి ఫిల్టరు పెట్టవలెను. ఒక్కొక్కప్పుడు ఏ ఒక్కటియు ప్రధాన దోషి కాక, పదిపన్నెండు చిన్న వస్తువులు కలిసి సంకేతమును హరించును. అపుడు పంపుపెట్టెను మీటరు బోర్డునకు దగ్గరగా మార్చుట మంచిది. అచ్చటినుండి అన్ని కొమ్మలకును దూరము ఇంచుమించు సమానము. ఇదియు చాలనిచో సంకేతమును విని మరల బలముగా పలుకు రిపీటరు కొనవచ్చును. గండ్లు పూడ్చకముందు రిపీటరు కొనుట వృథా.

పొరుగువారు

ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఉన్న ఇండ్ల తీగలన్నియు ఒకదానితో ఒకటి కలిసియే ఉన్నవి. ఎక్స్-10 పద్ధతిలో 16 ఇంటి కోడులు, ఒక్కొక్క కోడు క్రింద 16 వస్తువులు, వెరసి 256 పేర్లు మాత్రమే కలవు. తాళము లేదు. ప్రక్క ఇంటివారును అదే కోడు పెట్టుకొన్న, వారు మీట నొక్కిన మన దీపము వెలుగవచ్చును. మీటరు దగ్గర ఇంటి మొత్తమునకు నిరోధక ఫిల్టరు పెట్టించిన మన సంకేతము వీధిలోనికి పోదు, వీధి రొద మన ఇంటికి రాదు. పోవలసిన శక్తి ఇంటిలోనే నిలుచును గనుక సంకేతమును బలపడును. మీటరు సీలు విప్పుట మాత్రము ఎవరికిని హక్కు లేదు. ఫిల్టరును మీటరు తరువాత, మెయిను స్విచ్చి వైపున మాత్రమే పెట్టింపవలెను.

అంతర్జాలమును తీగలపై పంపు అడాప్టరులు

కొట్టములో కెమెరా పెట్టి ఈనబోవు గేదెను ఇంటినుండి చూచుకొనవలెనను వారికి పై పద్ధతి చాలదు. వారికి అంతర్జాలమును తీగలపై పంపు అడాప్టరు జతలు మన విపణిలో దొరకుచున్నవి. వీనికి ఆధారమైన హోమ్‌ప్లగ్ ఏవీ పద్ధతి 2005లో వచ్చినది. ఇవి సెకనుకు 20 లక్షలనుండి 280 లక్షల ఊపుల మధ్య వందలకొలది సన్నని పాయలుగా సమాచారమును పంపును. ఒక పాయ చెడిన మరియొకటి మోయును. అందువలన ఎక్స్-10 కంటె గట్టివి. ఊపులు ఎక్కువగుటచే ప్రక్క ప్రక్కన పోవు తీగల మధ్య కొంత దూకును గనుక, వేరు ఫేజుపై ఉన్నను ఒక్కొక్కప్పుడు పనిచేయును. పెట్టెపై ముద్రించిన వేగము ఇంటి తీగలపై రాదు. అందులో కొంతభాగమే వచ్చును. ఒక కెమెరాకు అది చాలును.

వీనికిని ఎక్స్‌టెన్షను పెట్టె, వదులు జోడింపు, చౌక ఛార్జరు శత్రువులే. వీనిలో సంకేతమునకు తాళము కలదు గాని, ఒక్కొక్క జత అందరికి తెలిసిన తాళపుచెవితోనే వచ్చును. రెండు అడాప్టరులను ప్రక్కప్రక్కన పెట్టి జతచేయు మీటను సూచనల ప్రకారము నొక్కి కొత్త తాళపుచెవి ఏర్పరచుకొనవలెను.

కొనునపుడు విచారింపవలసినది ఇంకొకటి. కొన్ని సాధనములు ఇంటిలోని పెట్టెల మధ్య నేరుగా మాటలాడుకొనును. కొన్ని ప్రతి ఆజ్ఞను దూరమున ఉన్న సంస్థ సర్వరుకు పంపి తెచ్చుకొనును. అమెరికాలో తీగలను, రేడియోను కలిపి వాడు ఇన్‌స్టియాన్ అను పద్ధతి 2005లో వచ్చి చాల ఇండ్లలో చేరినది. 2022 ఏప్రిల్ నెలలో దాని సర్వరులు ముందు చెప్పకయే ఆగిపోయినవి. ఇంటి తీగలు, పెట్టెలు చక్కగానే ఉన్నను ఫోను నుండి దీపములు నడుచుట ఆగినది. ఆ యేడే దానిని వాడుచున్నవారిలో కొందరు కలిసి సంస్థను కొని మరల నడిపిరి. దుకాణములో అంతర్జాలపు తీగ ఊడదీయించి, అప్పుడును మీట నొక్కిన దీపము వెలుగుచున్నదో లేదో చూపుమని అడిగిన ఈ సంగతి తేలిపోవును.